మంచి మనిషి, ధ్రువీకరణ పెండింగు

వచ్చే ఈస్టరు నాటికి మా సంఘంలో భక్తి వేషధారణను పూర్తిగా నిర్మూలించాలని పాస్టరేట్ కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ తీర్మానం రాసింది నేనే. "నిర్మూలించాలని" అనే మాట దగ్గర కలం ఆగింది. "తగ్గించాలని" అంటే సరిపోదా అని అడిగాను.

"తగ్గించడానికి ఇదేమన్నా రక్తపోటా మాస్టారూ?" అన్నారు కార్యదర్శి విజయదాసు గారు.

నిర్మూలించాలనే రాశాను.

మా సంఘం పేరు సీయోను కొండ. వానాకాలంలో చర్చి మెట్ల దాకా నీళ్లు నిలిచే పల్లపు చోటు అది. జనవరిలో అక్కడ మూడు రోజుల ఉజ్జీవ కూటాలు జరిగాయి. పై ఊరినుంచి వచ్చిన ప్రసంగీకుడు మూడు రోజులూ వేషధారుల మీదే మాట్లాడాడు. జనం చాలా శ్రద్ధగా విన్నారు. వింటూ పక్క వరుసల వైపు చూశారు. మనసు కదిలినవాళ్లు చీటీ రాసి పెట్టెలో వెయ్యమని చివరి రోజు చెప్పారు. నలభై ఒక్క చీటీలు పడ్డాయి. ముప్పై తొమ్మిదింటిలో ఇతరుల పేర్లున్నాయి. ఒకదానిలో, ఆడవాళ్ల వైపు రెండో ఫ్యాను తిరగడం లేదని ఉంది. మిగిలినది ఖాళీ చీటీ.

ముప్పై తొమ్మిది ఫిర్యాదులు అందిన తర్వాత చేతులు ముడుచుకుని కూర్చోవడం బాధ్యతారాహిత్యమని విజయదాసు గారు అన్నారు. ఆయన సబ్ రిజిస్ట్రారుగా పనిచేసి రిటైరయ్యారు. ఇద్దరు సాక్షులు సంతకం పెట్టనిదే పొద్దు పొడిచిందన్నా నమ్మరు. ఆయన అధ్యక్షతన నిష్కపట భక్తి ధ్రువీకరణ ఉపసంఘం ఏర్పడింది. అందులో కోశాధికారి ఇమ్మానుయేలు ఒక సభ్యుడు, నేను ఒక సభ్యుణ్ణి. మా పాస్టరు దేవవరం అయ్యగారు గౌరవ సలహాదారు. ఆయన సలహాలు ఎవరూ అడగరు కాబట్టి ఆ పదవి ఆయనకు సరిపోయింది.

నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. డిసెంబరు మొదటి వారంలో నా భార్య కృపామణి చనిపోయింది. అప్పటినుంచి సాయంత్రాలు నాకు పని లేదు. ఆ సంగతి అందరికీ తెలుసు గనుక ఫారాలు తయారుచేసే పని నాకు అప్పగించారు. నేను కాదనలేదు. ఎనిమిది నమూనాలు తయారుచేశాను. గళ్లన్నీ సమానంగా వచ్చేట్టు స్కేలు పెట్టి గీశాను. చాలా సాయంత్రాలు గడిచాయి.

కమిటీతో నాకు ఒకే ఒక్క పని ఉంది. కృపామణి సమాధి మీద రాయి పెట్టుకోవాలి. ఈస్టరు నాడు మా వేకువ ఆరాధన సమాధుల తోటలోనే జరుగుతుంది. ఎవరి మనుషుల సమాధి మీద వాళ్లు కొవ్వొత్తి వెలిగిస్తారు. రాయి లేని సమాధి దగ్గర కొవ్వొత్తి ఎక్కడ నిలబెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడినవాళ్లను నేను చూశాను.

రాయి మీద ఏం రాయాలో రెండు నెలలు ఆలోచించాను. పేరు, పుట్టిన రోజు, పోయిన రోజు. కింద "మంచి మనిషి". ఇంతకన్నా పెద్ద మాట ఏది రాసినా ఆమె చదివి నవ్వుతుందనిపించింది.

రాళ్లు చెక్కే కరీముల్లా ఆ కాగితం చూసి నొచ్చుకున్నాడు.

"రెండే మాటలా మాస్టారూ? రాయి బోసిగా ఉంటది. ఒక పావురాన్ని వేస్తా."

"వద్దు కరీముల్లా."

"తెరిచిన పుస్తకం? ద్రాక్షగుత్తి? మీవాళ్లు ద్రాక్షగుత్తి బాగా ఇష్టపడతారు."

"ఆమెకు ద్రాక్ష పడేది కాదు. జలుబు చేసేది."

కరీముల్లా కాగితం మడిచి తిరిగి ఇచ్చాడు. కమిటీ అనుమతి కాగితం తెస్తే మర్నాడే మొదలుపెడతానన్నాడు.

అనుమతి కోసం వెళితే విజయదాసు గారు దరఖాస్తును రెండుసార్లు చదివారు.

"పేరు, తేదీలకు అభ్యంతరం లేదు మాస్టారూ. అది రికార్డు. ఈ చివరి పంక్తి ఉంది చూశారూ, ఇది ప్రశంస. మొన్నటి తీర్మానం ప్రకారం సంఘ ఆవరణలో చేసే ప్రశంసలన్నీ ఉపసంఘం ధ్రువీకరించిన మీదటే చెల్లుబాటవుతాయి. ఆ తీర్మానం మీరే రాశారు."

"రాశానండీ."

"చక్కగా రాశారు. ఎక్కడా సందు లేదు."

దరఖాస్తు మీద "పెండింగు" అని ఎర్ర సిరాతో రాసి ఫైలులో పెట్టారు. అలా నా భార్య మంచితనం విచారణ పరిధిలోకి వచ్చింది. విచారణ తేదీ ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం. ఈలోగా ఉపసంఘం బతికున్నవాళ్ల సంగతి తేల్చాలి.

మొదటి నమూనా రహస్య దానాలది. కుడిచెయ్యి చేసే ధర్మం ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు చెప్పాడు. కమిటీకి తెలియకూడదని ఆయన ఎక్కడా చెప్పలేదని విజయదాసు గారు కనిపెట్టారు. కాబట్టి ప్రతి సభ్యుడూ తన రహస్య దానాల జాబితాను కుడిచేత్తో రాసి ఇవ్వాలి. రాసేటప్పుడు ఎడమచెయ్యి వీపు వెనకాల ఉండాలి. "దరఖాస్తుదారుని ఎడమచెయ్యి ఈ ప్రక్రియకు హాజరు కాలేదు" అని ఇద్దరు సాక్షులు ధ్రువీకరించాలి.

"మరి కాగితం ఎగిరిపోకుండా పట్టుకునేదెవరండీ?" అని అయ్యగారు మెల్లగా అడిగారు.

ఆడవాళ్ల వైపు ఫ్యాను ఆ వారమే బాగుచేయించారు. కాగితాలు నిజంగానే ఎగిరాయి. ఒకరి రహస్య దానాలు ఇంకొకరి కాళ్ల దగ్గర పడ్డాయి. అందరూ ఏరుకుని చదువుకుని మర్యాదగా తిరిగి ఇచ్చారు.

ఇమ్మానుయేలుకి ఇంకో చిక్కు వచ్చింది. ఆయనది ఎడమచేతి వాటం. ధర్మం చేసేదీ సంతకం పెట్టేదీ ఎడమచేత్తోనే. దీని మీద ఉపసంఘం మూడు గంటలు చర్చించింది. "సదరు సభ్యుని ఎడమచేతిని ఈ పథకం ప్రయోజనాల నిమిత్తం కుడిచేతిగాను, కుడిచేతిని ఎడమచేతిగాను పరిగణించడమైనది" అని తీర్మానించింది. ఇమ్మానుయేలు డాక్టరు దగ్గర సర్టిఫికెట్ తెచ్చుకున్నారు. ఆ తర్వాత చాలాకాలం, ఎవరైనా కరచాలనం చెయ్యబోతే ఏ చెయ్యి ఇవ్వాలో తోచక రెండూ వెనక్కి పెట్టుకుని వందనాలు చెప్పేవారు.

రెండో నమూనా రహస్య ప్రార్థనది. గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ప్రార్థన చేసుకుంటున్నారా లేదా అన్నది ఉపసంఘం ఇంటింటికీ వెళ్లి పరిశీలించాలి. ప్రార్థన బయటికి వినిపిస్తే ఆడంబరం. వినిపించకపోతే లోపలున్న మనిషి ప్రార్థిస్తున్నాడో కునుకు తీస్తున్నాడో తేలదు. అందువల్ల వినిపించీ వినిపించనట్టుండడం ప్రామాణికంగా నిర్ణయించారు.

మొదట వెళ్లింది రాహేలమ్మ ఇంటికి. ఆమె బస్టాండు దగ్గర ఇడ్లీ బండి పెట్టుకుంది. గొంతు పెద్దది. కృపామణి, ఆమె స్నేహితులు. ఉన్నది ఒకటే గది. అందులోనే పొయ్యి, మంచం, గ్రైండరు.

"లోపలి గది ఎక్కడమ్మా?" అన్నారు విజయదాసు గారు.

"ఏ లోపల బాబూ? ఈ గుమ్మానికి అటుపక్కంతా బజారు. ఇటుపక్కంతా లోపలే."

"ప్రార్థన ఎప్పుడు చేస్తారు?"

"పొద్దున్నే పిండి రుబ్బేటప్పుడు."

"బిగ్గరగానా, మెల్లగానా?"

"గ్రైండరు మోతలో నాకే వినపడదు. ఆయనకి వినపడిందంటే ఆ గొప్పదనం ఆయనదే."

విజయదాసు గారు నా వైపు తిరిగారు. "రాసుకోండి మాస్టారూ. యంత్ర శబ్దం కారణంగా ధ్రువీకరణ సాధ్యపడలేదు." మళ్లీ ఆమె వైపు తిరిగి, "ప్రార్థనలో ఏమడుగుతారు?" అన్నారు.

"అది చెప్తే ఇంక రహస్యం ఎట్టా అయిద్ది?"

"ఆరో గడిలో రహస్యం యొక్క సారాంశం రాయాలమ్మా. రెండు వాక్యాలకు మించకుండా."

రాహేలమ్మ చేతిలోని గరిటె పక్కన పెట్టింది. "ఇడ్లీ గట్టిపడకుండా చూడు తండ్రీ అంటా. మొన్న బుధవారం వినిపించుకోలా. రాసుకో మాస్టారూ, ఆయన మీద కూడా ఒక ఫిర్యాదు పెట్టు."

లోపలి గది లేని కుటుంబాలు మా సంఘంలో అరవై దాకా ఉన్నాయి. వాళ్లకు చర్చి వెనక సామాన్ల గదిని కేటాయించారు. మనిషికి నాలుగు నిమిషాలు. టోకెన్లు అచ్చువేయించారు. జనం చర్చి ఆవరణలో వరుస కట్టి నిలబడితే ఇమ్మానుయేలు మైకులో పిలిచేవారు: "రహస్య ప్రార్థన, టోకెన్ నంబరు పద్నాలుగు! పద్నాలుగో నంబరు సహోదరి త్వరగా రావాలి! పదమూడో నంబరు వారు దయచేసి ముగించాలి!" ఆ మైకు రెండు వీధుల అవతలి కూరగాయల మార్కెట్టుకి కూడా వినిపించేది. ఎవరు ఎన్ని నిమిషాలు రహస్యంగా ప్రార్థించారో ఊరంతటికీ తెలిసింది. మధ్యలో ఒకాయన లోపలే నిద్రపోయారు. పదిహేనో నంబరు నుంచి ఇరవయ్యో నంబరు దాకా కిటికీలోంచి లేపారు.

మూడో నమూనా ఉపవాసాలది. ఈస్టరుకు ముందు నలభై రోజుల లెంటు మొదలైంది. ఉపవాసముండేవాళ్లు ముఖం వేలాడేసుకోకూడదు, తలకు నూనె రాసుకుని ముఖం కడుక్కోవాలి అన్నది నియమం. గుమ్మం దగ్గర ఇద్దరు పెద్దలు నిలబడి తలలు పరీక్షించడం మొదలుపెట్టారు. రెండు ఆదివారాలు తిరిగేసరికి, ఉపవాసం ఉన్నవాళ్లూ లేనివాళ్లూ అందరూ జుట్టునుంచి నూనె కారేట్టు రాసుకుని, పళ్లన్నీ కనబడేట్టు నవ్వుతూ చర్చికి వచ్చారు. ప్రభువు శ్రమలను గురించి పాడే పాటల్ని కూడా నవ్వు చెదరకుండా పాడారు. బెంచీలు జిడ్డెక్కి, మోకాళ్లూని లేచేవాళ్ల చేతులు జారిపోయేవి. అయ్యగారు ప్రసంగ పీఠం మీదినుంచి చూసి భయపడి ఒక ఆదివారం ప్రసంగం మధ్యలో ఆపేశారు.

నాలుగో ఆదివారం నాకు నోటీసు వచ్చింది.

"అయ్యా, గత మూడు ఆదివారాలుగా ఆరాధన సమయమున మీ ముఖము దుఃఖముగా ఉన్నట్లు ఉపసంఘము గమనించినది. ఉపవాసము కారణమైనచో ఏడు దినములలోగా సరిచేసుకొనవలెను. అన్యథా ఆడంబరముగా పరిగణించి తగు చర్య తీసుకొనబడును."

నోటీసుల నమూనా కూడా నేను రాసిందే. "అన్యథా" అనే మాట నాదే.

వెళ్లి విజయదాసు గారిని కలిశాను. ఆయన ఇబ్బందిగా కదిలారు.

"మీరని కాదు మాస్టారూ, రూలు రూలే కదా. ఉపవాసం ఉంటున్నారా?"

"లేదండీ. రెండు పూటలా తింటున్నాను."

"మరి ముఖం?"

"డిసెంబరు నుంచి ఇలాగే ఉందండీ."

ఆయన ఫైలు తిరగేశారు. "దుఃఖానికి మినహాయింపు లేదే. మనం పెట్టలేదు." తర్వాత గొంతు తగ్గించి, "కొంచెం నూనె అయినా రాసుకోండి. నేను 'పాక్షికంగా సరిచేయబడినది' అని రాసుకుంటాను," అన్నారు.

ఇంటికి వెళ్లి కొంచెం నూనె రాసుకున్నాను. ఇది నేను గర్వపడి చెప్పుకునే సంగతి కాదు. కాని అంతకన్నా పెద్ద తప్పు అప్పటికే రోజూ చేస్తున్నాను. చర్చి మెట్ల మీద ఎవరు "ఎలా ఉన్నారు మాస్టారూ?" అన్నా, "దేవుని కృప. ఆయన చిత్తం. సమాధానంగా ఉన్నాను," అనేవాణ్ణి. మా వాడుకలో సమాధానమంటే మనశ్శాంతి. మూడు వాక్యాలూ వరుసగా వచ్చేవి. జనం మెచ్చుకునేవారు. ఒకరిద్దరు సంఘం ముందు లేచి చెప్పే సాక్ష్యాల్లో నా పేరు చెప్పి నన్ను ఆదర్శంగా చూపించారు.

మట్టల ఆదివారం ఆరాధన అయ్యాక విచారణ జరిగింది. కొబ్బరాకులు ఇంకా జనం చేతుల్లోనే ఉన్నాయి. ఎవరూ ఇంటికి వెళ్లలేదు. బల్ల ముందు విజయదాసు గారు, ఇమ్మానుయేలు కూర్చున్నారు. నేను సభ్యుణ్ణే గాని ఆ పూట దరఖాస్తుదారుణ్ణి కూడా కాబట్టి ఎదురుగా నిలబడ్డాను.

"విషయం: కీర్తిశేషురాలు కృపామణి గారిని మంచి మనిషిగా ధ్రువీకరించుట," అని విజయదాసు గారు చదివారు. "సదరు వ్యక్తి పథకం ప్రారంభానికి ముందే మరణించినందున ఏ నమూనా దాఖలు చేయలేదు. కావున సాక్షులను విచారించవలసి ఉంది. ఎవరైనా ఉన్నారా?"

"నేనున్నా," అంటూ రాహేలమ్మ లేచింది.

"ఆమె మీకు ఏమైనా ఉపకారం చేశారా?"

"చేసింది. నాకు టైఫాయిడ్ వచ్చి పడుకుంటే పద్దెనిమిది రోజులు నా బండి తనే నడిపింది. మాస్టారి భార్య బస్టాండులో ఇడ్లీలు అమ్మడమేందని నలుగురూ అంటే, ఇడ్లీ గురించి చెప్పండి, బాగుందా లేదా అనేది."

జనం గొణుక్కున్నారు. విజయదాసు గారు కలం పైకెత్తారు.

"ఈ సేవ రహస్యంగా జరిగిందా?"

"బస్టాండులో రహస్యమేంది బాబూ?"

"అయితే నమూనా ఒకటి కింద ఇది చెల్లదు. బహిరంగ ఉపకారం. ఇంకేమైనా?"

"ఇంకా ఉన్నాయి, చెప్పొద్దంది."

"చెప్పకపోతే ఆధారం లేదు."

"చెప్తేనేమో చెల్లదంటివి!"

విజయదాసు గారు కళ్లజోడు తుడుచుకున్నారు. ఇమ్మానుయేలు ఆయన చెవిలో ఏదో చెప్పారు. "మరొక అంశం," అన్నారు విజయదాసు గారు. "సదరు వ్యక్తి ప్రసంగ సమయంలో నిద్రించేవారని ఒక చీటీలో ఫిర్యాదు ఉంది."

"నిద్రపోయేవారు," అన్నారు అయ్యగారు.

ఆయన అంతకు ముందెప్పుడూ విచారణల్లో మాట్లాడలేదు. అందరూ అటు తిరిగారు.

"మెట్ల మీద అందరూ ప్రసంగం ఎంతో ఆశీర్వాదకరంగా ఉందండీ అనేవాళ్లు. ఆవిడ మాత్రం, ఇవాళ రెండో అంశం దగ్గర నిద్ర పట్టేసిందండీ అయ్యగారూ అనేవారు. ఇంటికి వెళ్లి చూసుకుంటే ఆ రెండో అంశం నిజంగానే బాగుండేది కాదు. నేను మార్చుకునేవాణ్ణి." ఆయన నా వైపు చూసి, "డిసెంబరు నుంచి ఏ అంశం బాగోలేదో నాకు చెప్పేవాళ్లు లేరు," అని కూర్చున్నారు.

"నిద్రను అంగీకరించినట్టు నమోదు చేయండి," అన్నారు విజయదాసు గారు. తర్వాత ఎనిమిదో నమూనా తీసి నా ముందు పెట్టారు. "మాస్టారూ, సాక్ష్యం బలహీనంగా ఉంది. అయినా దరఖాస్తుదారుని భక్తి సంపూర్ణమైతే దాని బలం మీద మంజూరు చేసే వీలుంది. మీ గురించి అందరికీ తెలుసు. ఈ ఒక్క ప్రశ్నకు టిక్కు పెట్టండి, ఇవాళే సంతకం చేసి ఇస్తాను."

ప్రశ్న నేను రాసిందే. "ప్రియుల మరణమును సంతోషముతో అంగీకరించితిరా?" ఎదురుగా రెండు గళ్లు. ఒకటి "అవును". ఇంకొకటి "సంపూర్ణముగా అవును".

ఫిబ్రవరిలో ఏదో సాయంత్రం గీసిన గళ్లు అవి. స్కేలుతో గీసినట్టే ఉన్నాయి, ఎక్కడా వంకర లేదు. ఒక్క టిక్కు పెడితే రాయి వస్తుంది. ఈస్టరు ఇంక ఏడు రోజులే. అబద్ధం చెప్పి ఆమె మీద ఆ రెండు మాటలు రాయించడం ఎలాగో నాకు అర్థం కాలేదు.

"లేదండీ," అన్నాను.

"ఏది లేదు?"

"సంతోషంతో అంగీకరించలేదు. మామూలుగా కూడా అంగీకరించలేదు."

కొబ్బరాకుల గలగల ఆగిపోయింది. విజయదాసు గారు ఫారాన్ని ఇటూ అటూ తిప్పి చూశారు. "లేదు అనడానికి గడి లేదే!"

"లేదండీ. నేను పెట్టలేదు."

"మరి రోజూ సమాధానంగా ఉన్నానన్నారు?"

"అబద్ధం చెప్పానండీ. నాకు కోపంగా ఉంది."

"ఎవరి మీద?"

నేను పైకి చూపించలేదు గాని అందరికీ అర్థమైంది. ఇమ్మానుయేలు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నారు.

"ఆయనతో... ఆ సంగతి అన్నారా?" విజయదాసు గారి గొంతు తగ్గింది.

"అన్నానండీ. రోజూ అంటున్నాను. బియ్యం ఎన్ని పొయ్యాలో తెలియక ఇద్దరికి సరిపడా వండేసిన రోజున ఇంకొంచెం ఎక్కువ అంటాను."

"ఎక్కడ?"

"వంటింట్లో."

ఆయన కలం అలవాటుగా కదిలింది. "తలుపు వేసి ఉందా?"

"వేసే ఉంటుంది."

"ఎవరైనా చూశారా? విన్నారా?"

"ఇంట్లో ఎవరూ లేరు కదండీ."

"ఇంతకు ముందు ఈ సంగతి ఎవరితోనైనా చెప్పారా?"

"లేదండీ."

విజయదాసు గారు రెండో నమూనా తీసి వేలు పెట్టి ఒక్కొక్క గడి కిందికి దిగారు. ముఖం పాలిపోయింది. ఇమ్మానుయేలుకి చూపించారు. ఇద్దరూ మళ్లీ మొదటినుంచి చూశారు. లోపలి గది ఉంది, తలుపు మూసి ఉంది, సాక్షులు లేరు, ఆడంబరం లేదు, పేరు కోసం చేసింది కాదు. అరవై రోజులుగా మూడు వందల పైచిలుకు దరఖాస్తులు పరిశీలించిన ఉపసంఘానికి అన్ని షరతులూ నెరవేర్చిన రహస్య ప్రార్థన ఒక్కటే దొరికింది. అది నేను దేవుణ్ణి తిట్టడం.

"రూలు రూలే," అని ఆయన నీరసంగా అన్నారు. "ధ్రువీకరించబడినది. నంబరు ఒకటి."

రాహేలమ్మ గట్టిగా "స్తోత్రం!" అంది. రేపు ఉదయం అనుమతి కాగితం వస్తుందనుకుని ఇంటికి వెళ్లాను.

సోమవారం ఉదయం వచ్చింది కాగితం కాదు, "లేదు" అని ఎలా చెప్పాలో నన్ను అడగడానికి జనం. శ్రమల వారం మొదలై, సాయంత్రపు కూడికల్లో సాక్ష్యాల తీరు మారిపోయింది. ఇదివరకు "నేను పూర్ణ సమాధానంగా ఉన్నాను" అన్నవాళ్లు ఇప్పుడు లేచి "నాకు సమాధానం లేదు" అనసాగారు. అందుకోసం తొమ్మిదో నమూనా అచ్చయింది. అందులో అన్నీ "లేదు" గళ్లే. దీన్ని మాత్రం నేను తయారుచెయ్యలేదు. మంగళవారానికి ఒకాయనకు పదకొండు "లేదు"లున్నాయని పేరొచ్చింది. బుధవారానికి ఒకావిడ పద్నాలుగు తెచ్చింది. ఎవరికి ఎక్కువుంటే వాళ్లకు ముందు వరుసలో కుర్చీ. గురువారం ఇమ్మానుయేలు లేచి, తానూ వంటింట్లో దేవుడితో మూడుసార్లు పోట్లాడానని కళ్లొత్తుకుంటూ చెప్పారు.

"ఈయన వంటింట్లోకి వచ్చి పదకొండేళ్లయింది," అంది ఆడవాళ్ల వైపునుంచి ఆయన భార్య.

అది కూడా "లేదు" కిందే నమోదు చేశారు.

గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం అనుమతి కాగితం చేతికొచ్చింది. మంజూరు చేశారు. ఒక షరతు ఉంది. "మంచి మనిషి" కింద "ధ్రువీకరించబడినది, సీ.కొ.సం. నం. 1" అని చెక్కించాలి.

"చిన్న అక్షరాలే కదా మాస్టారూ," అన్నారు అయ్యగారు. ఆయన నా మంచి కోరే అన్నారు.

"చిన్నవేనండీ," అన్నాను.

కరీముల్లా దగ్గరికి వెళ్లి, షరతు ఉన్న కాగితాన్ని జేబులోంచి తియ్యకుండా, రెండు మాటలు చెక్కమన్నాను. శనివారం పదింటికల్లా రాయి నిలబెట్టేశాం.

ఆ మధ్యాహ్నం తోటంతా జనమే. మర్నాటి వేకువ ఆరాధన కోసం ఎవరి సమాధులకు వాళ్లు సున్నం వేసుకుంటున్నారు. నేనూ రాహేలమ్మా కృపామణి చుట్టూ గడ్డి పీకుతుంటే విజయదాసు గారు వచ్చారు. ఒక చేతిలో సున్నం బకెట్టు, ఇంకో చేతిలో నోటీసు.

"మాస్టారూ, షరతు ఉల్లంఘించారు," అని నోటీసు విప్పి నిలబడే చదివారు. ఏడు దినములలోగా రాయిని తొలగించవలెను. అన్యథా సంఘమే తొలగించును.

"తీసెయ్యి చూద్దాం," అంది రాహేలమ్మ, చేతిలో కొడవలి అలాగే ఉంచుకుని.

"మీరు ఉండండమ్మా." ఆయన రాయి వైపు చూశారు. పేరు, తేదీలు, రెండు మాటలు. చదవడానికి అంతసేపు పట్టదు. ఆయన మాత్రం చాలాసేపు చూశారు. "బోసిగా ఉంది," అన్నారు.

"కరీముల్లా కూడా అదే అన్నాడండీ."

"అక్కడ చూడండి." వెనక వరుసలో నల్లరాతి పలక ఉన్న సమాధి చూపించారు. ఆయన భార్య సుభాషిణి గారిది. ఆవిడ పోయి ఆరేళ్లయింది. "పదకొండు పంక్తులు. దైవభక్తి సంపన్నురాలు, ఆతిథ్య ప్రియురాలు, స్త్రీల సమాజ అధ్యక్షురాలు... కమిటీ రాసింది. అధ్యక్షత నాదే. ఏటా సున్నం వేస్తూ చదువుతాను. ఎవరో అధ్యక్షురాలి గురించి చదివినట్టే ఉంటుంది."

"ఆవిడ అధ్యక్షురాలే కదండీ?"

"ఇంట్లో కాదు కదా."

"ఇంట్లో ఎలా ఉండేవారు?"

ఆయన బకెట్టు కింద పెట్టారు. ఇమ్మానుయేలు అక్కడ ఉంటే, దీనికి సాక్షులెవరని అడిగేవారేమో. నేను గడ్డి పీకుతూనే ఉన్నాను.

"గట్టిగా నవ్వేది," అన్నారు చివరికి. "వీధి చివరిదాకా వినపడేది. హోదాకు తగదని నేను చాలాసార్లు మందలించాను. మానలేదు. ఒకసారి ఆఫీసుకి వచ్చి నా సీళ్లన్నీ తన చేతి మీద వేసుకుని నవ్వింది." ఆయన ముఖంలో నూనె రాసుకున్నప్పుడు కనబడనిదేదో కనబడింది. "మాస్టారూ, గట్టిగా నవ్వేది అని రాయి మీద రాయవచ్చా?"

"రాయవచ్చండీ."

"ఏ నమూనాలో దరఖాస్తు పెట్టుకోవాలి?"

"నమూనా ఏమీ లేదండీ. కాగితం మీద రాసి ఇస్తే కరీముల్లా చెక్కుతాడు."

ఆయన జేబులు తడుముకున్నారు. కలం దొరికింది. కాగితం లేదు. చేతిలో ఉన్న నోటీసునే బోర్లా తిప్పి, కృపామణి రాయి అంచున ఆనించి, రెండు మాటలు రాశారు. అలవాటు కొద్దీ కింద సంతకం పెట్టి తేదీ వేశారు. కాసేపు చూసుకుని తేదీ కొట్టేశారు. తర్వాత సంతకం కూడా కొట్టేశారు.

కాగితం మడిచి నాకు ఇచ్చారు.

"రెండో వైపు నోటీసు ఉందండీ," అని గుర్తుచేశాను.

ఆయన అప్పటికే బకెట్టు పట్టుకుని వెనక వరుస వైపు నడుస్తున్నారు.

"ఆ వైపు చెక్కవద్దని చెప్పండి మాస్టారూ," అన్నారు.